శ్రుతి దించిన సరస్సు

నేను పదికి ఎనిమిది వేశానంటే గోథెన్‌బర్గ్‌లో సగం మంది నమ్మరు. మిగతా సగం ఆ రోజు నాకు ఒంట్లో బాగోలేదేమో అనుకుంటారు. చాలా ఏళ్ళుగా మెటల్ సంగీతం ఆల్బమ్‌ల మీద సమీక్షలు రాస్తున్నాను. మా ఊళ్ళో వీధికో బ్యాండు. ట్రామ్ నడిపేవాళ్ళలో ప్రతి రెండోవాడూ ఒకప్పుడు ఎవరి గరాజులోనో డ్రమ్ములు బాదినవాడే. కింద చెవికింపైన గిటారు రాగం, దాని మీద గొంతు చించుకుని చావు గురించి అరుపు. మెలోడిక్ డెత్ మెటల్ అనే ఈ సంగీతం మాకు ఇంటి వంట లాంటిది. ఇంటి వంట కదా అని మెచ్చుకోవడం మాత్రం నాకు చేతకాదు. ఉప్పెక్కువైతే ఎక్కువైందనే రాస్తాను.

మా అక్క కొడుకు సిక్స్‌టెన్‌కి ఈ సంగతి బాగా తెలుసు. వాడి బ్యాండు పేరు ఆస్క్‌గోర్డ్. వాడు పాడతాడు, అంటే అరుస్తాడు. చిన్నప్పటి నుంచి వాడి వెనకే తిరిగే ఫోల్కె గిటారు వాయిస్తాడు, రికార్డింగ్ పని కూడా అతనిదే. వాళ్ళ మొదటి ఆల్బమ్‌కి నేను నాలుగు వేశాను. "ఈ కుర్రాళ్ళకి చావంటే తెలియదు, జలుబంటే తెలుసు" అని రాశాను. సిక్స్‌టెన్ ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. క్రిస్మస్ భోజనాల దగ్గర పక్కనే కూర్చుని కూడా బంగాళాదుంపల గిన్నె వాళ్ళమ్మ చేత నాకు అందించాడు. సొంత అక్క కొడుకని కూడా చూడలేదే అని అక్కకి కూడా మంటే. చూస్తే ఇక నా మాటకి విలువేముంటుంది?

రెండో ఆల్బమ్ ఫిబ్రవరిలో వచ్చింది. పేరు "బరువైన నీళ్ళు". నాదో పద్ధతి ఉంది. మొదటిసారి ట్రామ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటాను. రెండోసారి ఇంట్లో పక్కవాళ్ళు గోడ కొట్టేంత గట్టిగా వింటాను. మూడోసారి అంట్లు తోముతూ వింటాను. అంట్ల దగ్గర చెయ్యి ఆగిపోతే ఆ పాట బాగున్నట్టే. ఈసారి మూడో పాట మొదట్లో చెయ్యి ఆగిపోయింది. చేతిలో సబ్బు నురగతో అలాగే నిలబడ్డాను.

ఆ పాట గిటారుతో మొదలు కాదు. గడ్డకట్టిన సరస్సు మూలుగుతో మొదలవుతుంది; జనవరిలో లోంగ్‌వాట్నెట్ మీద రికార్డు చేశామని అట్ట వెనక రాశారు. నిమిషం పైనే ఉంటుంది ఆ మూలుగు, ఇంకేమీ ఉండదు. భూమి లోపల ఎవరో పక్క మీద దొర్లుతున్నట్టు బొంగురుగా, నిదానంగా సాగుతుంది. తర్వాత రెండు క్షణాలు నిశ్శబ్దం. అప్పుడు గిటార్లు మొత్తం ఒక్కసారి మీద పడతాయి.

నాకు ఆ మూలుగు కొత్త కాదు. మా నాన్న నన్ను ఏడో ఏటి నుంచి సరస్సుల మీద స్కేటింగ్‌కి తిప్పాడు. మంచుగడ్డ మందం చూడటానికి ఆయన చేతిలో ఇనుప మొన ఉన్న కర్ర ఉండేది గానీ, ఎక్కువగా చెవినే నమ్మేవాడు. "విను పెర్నిల్లా, పిట్టలా సన్నగా కూసిందా, పలచన. వెనక్కొచ్చెయ్. ముసలాడిలా మూలిగిందా, మందం. పద" అనేవాడు. స్కేట్ల కింద గడ్డ ఏ స్థాయిలో పలుకుతోందో విని అది మనిషిని మోస్తుందో లేదో చెప్పేసేవాడు. ఆ చెవి నాకూ వచ్చింది. ఆల్బమ్‌లు విని బతుకుతున్నది కూడా ఆ చెవితోనే. దాని గురించి నాకు గర్వం ఉంది, లేదని అబద్ధం చెప్పను.

ఆ రాత్రే సమీక్ష రాసి పంపేశాను. మూడో పాట గురించి ఇలా రాశాను: "లోంగ్‌వాట్నెట్ సరస్సు ఈ బ్యాండుకి ఐదో సభ్యుడు. గిటార్లకు తనంతట తానే శ్రుతి కలిపి మూలుగుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇలాంటి గడ్డల మీద తిరిగినదాన్ని, నా చెవి మీద ఒట్టు. దీని మీద ట్రాక్టరు తోలొచ్చు. గిటార్లు పడేచోట హాలు హాలంతా ఒక్క ఎగురు ఎగరకపోతే నా పేరు మార్చుకుంటాను."

ఎగరడం మా హాళ్ళలో ఒక అలవాటు. గాయకుడు అరచెయ్యి కిందికి చూపిస్తాడు, జనమంతా గొంతుక్కూర్చుంటారు. సంగీతం విరుచుకుపడగానే అందరూ కలిసి ఒక్కసారి పైకి లేస్తారు. నేల అదురుతుంది. గాయకుడి చెయ్యి కిందికి దిగితే కూర్చోని మనిషిని నేనింతవరకు చూడలేదు.

సమీక్ష పడిన రోజే సిక్స్‌టెన్ ఫోన్ చేశాడు.

"పిన్నీ, నిజంగా నువ్వేనా రాసింది? ఎవరైనా నీ కంప్యూటర్ దొంగిలించారా?"

"నోరు ముయ్. ఆరో పాట చెత్తగా ఉంది, అది కూడా రాశాను, చదివావా?"

"చదివాను, చదివాను. అమ్మ ఏడ్చింది తెలుసా? ఇదుగో, శనివారం సాయంత్రం నువ్వు రావాలి. ఆల్బమ్ ఎక్కడ పుట్టిందో అక్కడే వినిపిస్తున్నాం. లోంగ్‌వాట్నెట్ నడిమధ్యన, స్పీకర్లు గడ్డ మీద పెట్టి. పొద్దు గుంకేటప్పుడు మొదలెడతాం."

"గడ్డ ఎలా ఉందో ఎవరైనా చూశారా?"

వాడు పగలబడి నవ్వాడు. "నువ్వే చూశావుగా! ట్రాక్టరు తోలొచ్చట. అదే మా ఆహ్వానం మీద పెద్దక్షరాలతో వేశాం, కింద నీ పేరు. ఎవరడిగినా అదే చూపిస్తున్నాం."

నాకు నవ్వొచ్చింది. ఇంకా చెప్పాలంటే ముచ్చటేసింది. ఏడాది పాటు నా మొహం చూడనివాడు నా మాటని జెండాలా పట్టుకు తిరుగుతున్నాడు. ఆ మూలుగు జనవరిలోది. అప్పుడే అంత మందం ఉంటే ఇప్పటికి ఇంకా పేరుకుని ఉంటుంది. మధ్యలో పొడిమంచు కురిసింది, రెండు రోజులు వాన కూడా తగిలింది. అయినా ఆ మూలుగుకి ఈ వాన ఒక లెక్కా అనుకున్నాను. "సరే గానీ, ఇనుప కర్రతో ఒకసారి పొడిచి చూడండి" అన్నాను. "అలాగే అలాగే" అన్నాడు, వాళ్ళమ్మ టోపీ పెట్టుకోమంటే అనే గొంతుతో.

సమీక్ష కింద చదివినవాళ్ళ మాటలు కూడా చూశాను. సరస్సు అవతలి ఒడ్డున పొలం ఉన్న ట్యూరె అనే కుర్రాడు "మా నాన్న ట్రాక్టరు ఖాళీగానే ఉంది, తెచ్చెయ్యనా?" అని రాశాడు. దాని కింద వందమంది నవ్వులు. నేనూ ఒక నవ్వు తగిలించాను.

శనివారం మధ్యాహ్నం కాఫీ ఫ్లాస్కులో పోసుకుంటుంటే ఫోల్కె ఫోన్ చేశాడు. గొంతు పూర్తిగా పోయింది.

"పిన్నీ, నాకు జ్వరం, రాలేకపోతున్నాను. మీకు థాంక్స్ చెబుదామని చేశా. అందరూ గిటార్లు బాగున్నాయంటారు, ఆ గడ్డ చప్పుడు గురించి రాసింది మీరొక్కరే. దాంతో వారం రోజులు చచ్చాను తెలుసా?"

"చావడమేంటి? మైకు పెట్టి రికార్డు చేయడమేగా."

"అదేం కుదురుతుంది! మేం గిటార్ల శ్రుతి ఎంత కిందికి దించి వాయిస్తామో మీకు తెలుసు కదా. ఆ గడ్డేమో కీచుమంటుంది. మా పాటకి అస్సలు అతకలేదు. రెండు స్థాయిలు కిందికి దించి, సాగదీసి, మా శ్రుతికి తెచ్చాను. మీరే రాశారుగా, తనంతట తానే శ్రుతి కలిపిందని. అది చదివి ఎంత పొంగిపోయానో."

ఫ్లాస్కు మూత నా చేతిలోంచి జారి సింకులో పడింది.

"ఫోల్కె. దించకముందు ఎలా ఉందో నాకిప్పుడే పంపు."

"ఎందుకు? అది..."

"పంపరా!"

పంపాడు. వంటింట్లో నిలబడి విన్నాను. తడి వేలితో గాజు గ్లాసు అంచు రుద్దినట్టు సన్నగా, పదునుగా, పిట్టకూతలా ఉంది. మా నాన్న ఆ కూత వింటే నా జబ్బ పట్టుకుని ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చేవాడు. జనవరిలోనే అది కాగితమంత పలచన. దాని మీద పొడిమంచు కంబళిలా కప్పేస్తే చలి లోపలికి దిగదు, గడ్డ పేరుకోదు. పైన వాన. ఇప్పుడది చూడటానికి తెల్లగా, గట్టిగా, అందంగా ఉంటుంది.

రాగాలు ఎక్కడ అతికాయో ఎక్కడ అతకలేదో చెప్పి బతికేదాన్ని. సరస్సు గిటార్లతో అంత చక్కగా శ్రుతి కలిపితే అనుమానించాల్సింది పోయి ఎనిమిది మార్కులు వేశాను.

సిక్స్‌టెన్‌కి చేశాను, ఎత్తలేదు. మళ్ళీ ఫోల్కెకే చేశాను. "స్పీకర్ల దగ్గర ఫోన్ గరగరమంటుందని కట్టేస్తాడు, పిన్నీ" అన్నాడు ఫోల్కె. ఈసారి వాడి గొంతులోనూ భయం వినిపించింది. సహాయ దళానికి ఫోన్ చేయమని వాడికి చెప్పి కారు తీశాను. స్కేటింగ్ సామాను ఎప్పుడూ కారులోనే ఉంటుంది. దారి పొడుగునా ఒక్కటే మొక్కుకున్నాను, వాళ్ళు ఇంకా మొదలుపెట్టకుండా ఉండాలని. మెటల్ వాళ్ళు వేళకి మొదలుపెట్టిన రోజు నా ఎరుకలో లేదు. దాని మీదే ఆశ పెట్టుకున్నాను.

ఆ ఒక్కరోజే వేళకి మొదలుపెట్టారు.

లోంగ్‌వాట్నెట్ ఒడ్డున కార్లు బారులు తీరి ఉన్నాయి. నిప్పు మీద సాసేజీలు కాలుతున్న వాసన. జనరేటరు చప్పుడు పాటకి అడ్డం రాకుండా దాన్ని ఒడ్డునే పెట్టి, అక్కడి నుంచి పొడుగాటి కేబుల్ గడ్డ మీదుగా లాక్కుపోయారు. ఆ కేబుల్ చివర, సరస్సు మధ్యన, జారుడుబండి మీద నల్లటి స్పీకర్లు నిలబెట్టి ఉన్నాయి. వాటి చుట్టూ నల్లకోట్ల జనం, నలభై యాభైమంది ఉంటారు. రెండో పాట ముగుస్తోంది.

"వెనక్కి రండి! గడ్డ పలచగా ఉంది! చస్తారు!" అని ఒడ్డు నుంచి అరిచాను.

కుర్రదాన్నిగా ఉన్నప్పుడు నేనూ ఒక బ్యాండులో అరిచినదాన్నే. గొంతు ఇంకా పనిచేస్తోంది. వాళ్ళకి వినపడింది. వెనక్కి తిరిగి చూశారు, నన్ను గుర్తుపట్టారు, వేళ్ళు కొమ్ముల్లా పైకెత్తి సంతోషంగా గర్జించారు. డెత్ మెటల్ జనం ముందు నిలబడి చస్తారని అరిస్తే ఇంకేం చేస్తారు? వాళ్ళు డబ్బిచ్చి వినేది ఆ మాటే కదా. ఎవడో "పెర్నిల్లా! పెర్నిల్లా!" అని నా పేరు కూడా పలికించాడు.

ఇనుప కర్రతో ఒడ్డున గడ్డని ఒక్క పోటు పొడిచాను. మొన ఆగకుండా దిగిపోయింది, పక్కల నుంచి నల్లటి నీళ్ళు ఉబికాయి. రెండు మూడు పోట్లకి గానీ దిగని గడ్డ మీదే మనిషి నడవాలి.

అప్పుడే మూడో పాట మొదలైంది. స్పీకర్లలోంచి ఆ మూలుగు బయల్దేరింది. బొంగురుగా, నిదానంగా, ఫోల్కె దించిన స్థాయిలో. సిక్స్‌టెన్ అరచెయ్యి కిందికి చూపించాడు. అందరూ గొంతుక్కూర్చున్నారు.

నిమిషం గడిస్తే గిటార్లు పడతాయి. యాభైమంది ఒక్కసారి ఎగిరి ఒక్కసారి కిందపడతారు. ఎగరాలని రాసింది నేను, ఎగరొచ్చని రాసిందీ నేనే. పరిగెత్తి వాళ్ళని చేరుకోలేను, చేరుకుంటే నా బరువు కూడా దానికే తోడవుతుంది. అరిస్తే మళ్ళీ గర్జిస్తారు. చుట్టూ చూశాను. జనరేటరు చెట్టు కింద దడదడలాడుతోంది. పరుగెత్తి దాని మీటని కిందికి లాగేశాను.

మూలుగు మధ్యలో తెగిపోయింది. గడ్డ మీంచి "ఏయ్!" అని, "ఎవడ్రా అది?" అని కేకలు. సిక్స్‌టెన్ లేచి నిలబడి నా వైపు చూశాడు. దూరం నుంచి కూడా వాడి మొహంలో కోపం తెలుస్తోంది. మళ్ళీ నాలుగు వేసిన పిన్నినయ్యాను వాడికి.

ఆ నిశ్శబ్దంలో సరస్సు తన సొంత గొంతుతో కూసింది. వాళ్ళ కాళ్ళ కింద మొదలై సన్నగా, తడి గాజు మీద వేలు పెట్టినట్టు, ఒడ్డు దాకా పాకింది.

సిక్స్‌టెన్ కదలకుండా నిలబడిపోయాడు. జనవరిలో మైకు పట్టుకుని కూర్చున్నది ఫోల్కె ఒక్కడే కాదు, వీడూ పక్కనే ఉన్నాడు. ఈ కూత వాడు చెవులారా విన్నదే. మెల్లగా మోకాళ్ళ మీదికి దిగాడు, తర్వాత బోర్లా పడుకున్నాడు. "పడుకోండి" అన్నాడు. అరవలేదు, మామూలు గొంతుతో అన్నాడు. వాడు మామూలు గొంతుతో మాట్లాడగా వినడం ఆ జనానికి అదే మొదటిసారేమో, ఒక్కరూ నవ్వలేదు. "ఎవరూ ఎగరొద్దు. లేవొద్దు. పడుకుని పాకండి. దూరం దూరంగా. ఇది ఆట కాదు."

పాకారు. గడ్డాలవాళ్ళు, గొలుసులవాళ్ళు, వెనక పుర్రె బొమ్మల కోట్లవాళ్ళు పసిపిల్లల్లా పాకుతూ వచ్చారు. ఒక్కొక్కరినీ నేనూ, సాసేజీలు కాలుస్తున్న ఇద్దరూ ఒడ్డుకి లాగాం. కూత ఆగలేదు. ఒకచోట ఆగి ఇంకోచోట మొదలవుతోంది. అందరి వెనక సిక్స్‌టెన్. ఒడ్డు ఇంకాస్త దూరం ఉండగా వాడి కింద గడ్డ చప్పుడు చేయకుండా వంగింది. వాడు నడుము దాకా, తర్వాత మెడ దాకా నీళ్ళలోకి జారిపోయాడు. "కేబుల్ పట్టుకోరా!" అని కేక పెట్టాను. పట్టుకున్నాడు. పదిమంది కలిసి లాగాం. అంచులు విరుగుతూ, విరుగుతూ, చివరికి వాడు రొప్పుతూ బురదలో పడ్డాడు.

తడిబట్టలు విప్పించి, కంబళి చుట్టి, కారు పక్కన కూర్చోబెట్టి కాఫీ తాగించాను. పళ్ళు కొట్టుకుంటున్నాయి. చెంపదెబ్బ కొడదామనుకుని కావలించుకుని ఏడ్చేశాను.

"నేను విన్నాను పిన్నీ, అప్పుడే" అన్నాడు. "ఈ చెవులతోనే. ఇలాగే కూసింది. కానీ ఆ తర్వాత రికార్డు వందలసార్లు విన్నాను కదా. అదే గుర్తుండిపోయింది. సరస్సు అలాగే మూలిగిందనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను లేరా."

"ఎనిమిది తీసేస్తావా?"

"ముందు బతికి ఏడువు."

పొద్దు గుంకింది. ఆకాశం అంచున కాస్త ఎరుపు మిగిలింది. స్పీకర్లు సరస్సు మధ్యన ఎవరూ లేకుండా నిలబడి ఉన్నాయి. అందరూ ఉన్నారా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు. సహాయ దళం వాళ్ళు దారిలో ఉన్నామన్నారు. నా ఊపిరి అప్పుడప్పుడే కుదుటపడుతోంది.

అవతలి ఒడ్డున రెండు దీపాలు వెలిగాయి. మొదట కారనుకున్నాను. కానీ అవి చాలా ఎత్తులో ఉన్నాయి. పొలం వైపు నుంచి ఊగుతూ కిందికి దిగి, ఒడ్డు దగ్గర ఒక్క క్షణం ఆగాయి. స్పీకర్లు కనిపించి ఉంటాయి. జనం పాకి వచ్చేసిన సంగతి ఆ వైపు వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

"వద్దు! ఆపు! వెనక్కి పో!" నాతో పాటు ఒడ్డున ఉన్న యాభైమందీ అరిచారు. అన్నీ గర్జించడానికి అలవాటు పడ్డ గొంతులు. సరస్సంతా మార్మోగింది.

అవతలి నుంచి హారన్ మోగింది. పాటకి తాళం వేసినట్టు, హుషారుగా, మూడుసార్లు. దీపాలు గడ్డ మీదికి ఎక్కాయి.

నేను గడ్డ మీద బోర్లా పడి పాకబోయాను. ఎవరో నా కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగేశారు. కూత మొదలైంది, ఈసారి ఎక్కడా ఆగకుండా. దీపాలు సగం దూరం వచ్చాయి. తర్వాత ఒకటి కిందికి వంగింది, రెండోది దాని వెనకే వంగింది. నీళ్ళ కిందకి పోయాక కూడా అవి ఆరిపోలేదు. గడ్డ కింద ఆకుపచ్చగా వెలుగుతూ కనిపించాయి.

కొందరు కర్రలు, తాళ్ళు పట్టుకుని ఒడ్డు చుట్టూ పరిగెత్తారు. సిక్స్‌టెన్ కంబళితోనే లేచి నా జబ్బ పట్టుకున్నాడు.

"ఎవరు పిన్నీ అది? ఎవరు?"

"నా సమీక్ష చదివినవాడు" అన్నాను.